లిస్టుల లేని ప్యాకేజీ

ఒక జోకు నా గొంతుల ముల్లులెక్క ఇరుక్కుని ఉంది. తెలంగాణ రాకముందు వేసిన జోకు. రాష్ట్రం వచ్చింది, మెట్రో రాయదుర్గం దాకా వచ్చింది, ఆ ముల్లు మాత్రం బయటికి రాలేదు. ఇయ్యాల నీ ముందర పీకుతున్న. నొప్పి నాదే, నువ్వు ఫికర్ చెయ్యకు.

పదో తరగతి తప్పినోణ్ని. మాదాపూర్‌ల ఒక చిన్న సాఫ్ట్‌వేర్ ఆఫీసుల కేబుళ్లు లాగనీకి చేరిన. నెట్‌వర్క్ పని నేర్పింది ఓబులేసన్న, అనంతపురం మనిషి. బయటోళ్లు మా కంప్యూటర్లల్లకు జొరబడకుండ కాపలా కాసే ఫైర్‌వాల్ ఆయన చేతికింద ఉండె. తెలంగాణ ఉద్యమం నడుస్తుండె. బంద్ రోజు బస్సులుండవు, అందుకని నడిచి రాగలిగినోనికే ఆ రోజు ఫైర్‌వాల్ పాస్‌వర్డ్ ఇచ్చేటోళ్లు. నా కిరాయి రూము రెండు గల్లీల అవతల. గట్ల ఆ కాపలా నా మెడకు పడ్డది.

దోస్తులంత రోడ్డు మీద నినాదాలిస్తుంటే నేనొక్కణ్ని ఏసీ గదిల కూసోవాలె. మండేది. ఫైర్‌వాల్‌ల ఎక్కిస్తే దాన్ని ఫోన్లనే చూసుకోనిచ్చే చిన్న ప్రోగ్రాం, ప్యాకేజీ అంటరు, ఒకటి ఇంటర్నెట్ల దొరికింది. ఫైర్‌వాల్ కంపెనీ ఒప్పుకున్న ప్యాకేజీల లిస్టుల అది లేదు, ఎవడో పేరు లేనోడు రాసిండు. ఓబులేసన్నకు చూపించిన.

"వద్దప్పా. ఎవురు రాసినారో, లోపల ఏం పెట్టినారో మనకి తెల్దు."

"ఇడ్లీ తినేటప్పుడు పిండి ఎవరు రుబ్బిండ్రో అడుగుతవా అన్నా?"

"ఇడ్లీ పాడైతే నా కడుపొకటే నొస్తాది. ఇది పాడైతే ఆఫీసంతా పోతాది. ఎగతాళి కాదు, విను."

విన్న. విని, తర్వాతి బంద్ రోజు ఎక్కించిన. ఫోను జేబుల పెట్టుకుని పోయి ఊరేగింపుల కలిసిన.

నెలలోపే, ఒక శనివారం, ఓబులేసన్న ఎప్పటిలెక్కనే ఫైర్‌వాల్‌కు కంపెనీ అప్‌డేట్ పెట్టి ఇంటికి పోయిండు. నేను ఎక్కించిన ప్యాకేజీ పాత కొలతకు కుట్టిన అంగీ. కొత్త ఒంటికి పట్టలేదు, చినిగింది. దాంతోని, ఎవర్ని ఆపాల్నో చెప్పే కాపలా నియమాలు ఒక్కటీ పని చెయ్యలేదు. సోమవారం దాకా ఆఫీసు బార్లా తెరిచే ఉంది. ఎవడో బయట నుంచి జొరబడి క్లయింటు ఫైళ్లు ఎత్తుకపోయిండు.

సోమవారం పొద్దున అందరికంటే ముందు నేనే చూసిన. ఏమైందో నిమిషంల అర్థమైంది. ప్యాకేజీ పీకేసిన. దాని ఆనవాళ్లు సుత తుడిచేసిన. తుడిచి, చాయ్ తాగనీకి పోయిన. అదే నాకు ఇప్పటికీ అసహ్యం.

మీటింగుల మేనేజర్ అడిగిండు, ఫైర్‌వాల్‌ను ఆఖరుకు ముట్టింది ఎవరని. ఓబులేసన్న తనే అన్నడు. అని నా దిక్కు చూసిండు. నేను చూపించిన ప్యాకేజీ యాదికొచ్చినట్టుంది. నిందించనీకి కాదు. నేనే నోరు తెరుస్తనని ఎదురు చూసిండు. తెరిచిన.

"మనం బంద్ పెడితే అన్న తలుపులు బార్లా తెరిచిండు సార్. ఉద్యమానికి ఉల్టా జవాబు!"

అందరు పడీపడీ నవ్విండ్రు. సాయంత్రానికల్ల ఆ నవ్వు, ఆంధ్రోడు కావాలనే చేసిండన్న మాటైంది. వారంల ఆయన ఉద్యోగం పోయింది. ఆయన కుర్చీల నన్ను కూసోపెట్టిండ్రు. కూసున్న!

చదువు లేనోడు, తెలియక చేసిండు అంటవేమో. అనకు. ఆ మాట అనేటోళ్ల మీద సుత నాకు కోపమే. ఆయన తెలుగుల చెప్పిండు, నాకు తెలుగు వచ్చు. ఉద్యమం ఆవేశం అంటవా? ఏ ఉద్యమం చెప్పింది నాకు, నీకు పని నేర్పినోని మీద నీ తప్పు రుద్దుమని? నవ్వినోళ్లను ఎన్నేండ్లు తిట్టుకున్ననో. వాళ్లకు నిజం తెల్వది. ఆ గదిల తెలిసినోణ్ని నేనొక్కణ్నే, నవ్వించింది నేనే.

ఓబులేసన్న యాడున్నడో కనుక్కోవచ్చు. కనుక్కోలేదు. ఎదురుపడితే, నోట్లకెల్లి మల్ల జోకే వస్తదేమోనని భయం. అందుకే రాస్తున్న. ఆ సోమవారం చెప్పాల్సింది మూడు మాటలే: ఎక్కించింది నేను సార్.