మావయ్యగారు పీకిన లాన్

మాది కృష్ణా జిల్లా. ఉద్యోగం ఇక్కడి ఉక్కు కర్మాగారంలో. పెందుర్తిలో ఇల్లు కట్టుకున్నాక ముందున్న కాస్త జాగాలో నర్సరీ నుంచి మెత్తటి పొట్టి గడ్డి తెచ్చి లాన్ వేయించాను. మొదటి వానలకే దాంట్లోకి పిచ్చిగడ్డి దిగింది. కణుపు కణుపుకీ వేరు వేసుకుంటూ పాకేసేది. ప్రతి ఆదివారం స్టూలు వేసుకుని పీకేవాణ్ణి, తిట్టేవాణ్ణి. నాకసలే కోపం ముక్కు మీద ఉంటుంది. ఆ గడ్డికి పడినన్ని తిట్లు మా క్యాంటీన్ సాంబారుకి కూడా పడలేదు. మీ ఇద్దరిదీ ఏదో పాత పగలా ఉందని నా భార్య నవ్వేది.

ఆమెది ఆనందపురం దగ్గర పల్లె, వ్యవసాయ కుటుంబం. మేం ఇష్టపడి పెళ్లి చేసుకున్నాం. మామగారికి అది మింగుడుపడలేదు. పెళ్లికి వచ్చి, అక్షింతలు వేసి, భోజనం చేయకుండా వెళ్లిపోయారు. నాలుగేళ్లు మా గడప తొక్కలేదు. మొన్న వానాకాలంలో కంటి పరీక్షకి సిటీకి వచ్చి, తప్పక ఒక రాత్రి మా ఇంట్లో పడుకున్నారు. కళ్లు దివ్యంగా ఉన్నాయని డాక్టరు చెప్పాడట. నాతో మాట్లాడింది ఆ ఒక్క ముక్కే. మర్నాడు సాయంత్రం బస్సుకి వెళ్లిపోతానన్నారు.

ఆ మర్నాడు నేను పొద్దుటి షిఫ్ట్ ముగించుకుని వచ్చేసరికి ఆయన లుంగీ ఎగ్గట్టి, తలకి తువ్వాలు చుట్టుకుని లాన్ మధ్య గొంతుక్కూర్చుని ఉన్నారు. గోడవార పెద్ద గడ్డి కుప్ప. అంతా నర్సరీ గడ్డే. పిచ్చిగడ్డిని మాత్రం ఒక్క పోచ కూడా కదపకుండా శ్రద్ధగా వదిలేశారు.

“ఈ పొట్టి గడ్డి దేనికీ పనికిరాదు బాబూ. గేదె మూతెట్టదు. మంచి గడ్డిని ఎదగనీదు,” అన్నారు. “పొద్దుట్నించి సగం పీకీసినాను.”

ఒళ్లు మండిపోయింది. ఆయన ముందు నోరు జారకుండా లోపలికి పోయి, చూస్తూ ఎలా ఊరుకున్నావని భార్య మీద విరుచుకుపడ్డాను. ఆమె కిటికీ దగ్గర నిలబడి ఉంది. పొద్దుటి నుంచీ అక్కడే ఉందని ముఖం చూస్తే తెలిసింది.

“మా నాన్న మనింట్లో పని సేత్తన్నాడు,” అంది. “ఎలాగ ఆపమంటారు?”

ఏడుపు ఆపుకుంటున్నప్పుడే ఆమెకి ఊరి యాస వస్తుంది. నా కోపం ఎటు పోయిందో తెలీదు. సిగ్గేసింది. వాళ్లిద్దరి మీదా ఒక్కసారే ప్రేమ ముంచుకొచ్చింది. బయటికి వచ్చేసరికి మామగారు చేతులు కడుక్కుంటున్నారు. బస్సు వేళయిందనీ, మిగతా సగం నన్ను పీకుకోమనీ చెప్పారు.

“నా ఒక్కడి వల్ల కాదు మావయ్యగారూ,” అన్నాను. “రేపు కూడా ఉండండి. ఇద్దరం కలిసి పీకేద్దాం.”

 ఆయన తన సంచి తీసుకెళ్లి మళ్లీ గదిలో పెట్టారు.

మర్నాడు నాకు సెలవు. తెల్లారగానే చెరో పక్క కూర్చుని, నేను నెలల తరబడి నీళ్లు పోసి పెంచుకున్న గడ్డిని వేళ్లతో సహా లాగేశాం. పైపైన తెంపేస్తున్నానని ఆయన నన్ను రెండుసార్లు మందలించారు. పక్కింటావిడ గోడ మీంచి తొంగిచూసి, ఏం జరుగుతోందని అడిగింది.

“మా అల్లుడికి గడ్డి పీకడం రాదమ్మా,” అన్నారు మామగారు. “నేర్పుతన్నాను.”

నేను తలెత్తలేదు. కళ్లు తుడుచుకుందామంటే చేతులనిండా మట్టి.