డ్యూటీ దిగేదాకా ఆగిన కంచం

కరోనా సద్దుమణిగిన మరుసటి వేసవిలో నేను బిలాస్‌పూర్‌లో, రైల్వే కుటుంబాలు ఎక్కువగా వచ్చే ఒక ఆసుపత్రిలో డైటీషియన్‌గా ఉన్నాను. డాక్టరు చీటీ రాస్తేనే మనిషి నా గదికి వచ్చేది. రక్తపరీక్ష కాగితం చూసి, ఎత్తూ బరువూ తీసి, దండచేతిని టేపుతో కొలిచి, గడిచిన ఇరవై నాలుగు గంటల్లో తిన్నదంతా అడిగి రాసుకోవాలి. దాన్ని బట్టి చార్టు. స్వచ్ఛంద విరమణ తీసుకునేదాకా నేను చేసింది ఇదే, బాగానే చేశానని అనుకునేదాన్ని.

రమ్యకి అప్పటికి ఇరవై రెండేళ్లు. తండ్రి అప్పలరాజు గూడ్సు బళ్ల లోకో పైలట్. ఆ పిల్ల రైల్వే గ్రూప్ డి రాతపరీక్ష నెగ్గింది, శారీరక పరీక్ష మిగిలింది. ఇరవై కిలోల బరువు మోస్తూ వంద మీటర్లు రెండు నిమిషాల్లో నడవాలి. మధ్యలో దింపకూడదు. అవకాశం ఒక్కటే. ఇంట్లో పది కిలోల బియ్యం సంచితో ఆమె వాకిలి దాటలేకపోయింది.

“తిఫ్రా పేటలో జిమ్ నడిపే భయ్యా ప్రోటీన్ పౌడర్ తాగమన్నాడు మేడమ్. ఈ అగ్గిపుల్లలకి టోన్ రావాలి, బస్, అంతే,” అని చేతులు చూపించింది.

“కండ రావాలంటే తినాలి, బరువెత్తాలి, నిద్రపోవాలి. ఈ మూడూ డబ్బాలో పోసి ఎవడూ అమ్మడు,” అన్నాను.

రక్తం బాగానే ఉంది, జబ్బేమీ లేదు. చార్టు రాశాను. ఏడింటికి రెండు గుడ్లు, పదకొండింటికి ఉడికించిన శనగలు, ఒంటిగంటకి అన్నం, గట్టిపప్పు, పెరుగు, సాయంత్రం సత్తు, అంటే వేయించిన శనగల పిండి కలిపిన నీళ్లు, రాత్రి ఎనిమిదింటికి రొట్టె, సోయా కూర. వారానికి మూడు రోజులు గుంజీలు, గోడకి చేతులానించి దండీలు, ఇసుక సంచి మోత. ఐదు కిలోలతో మొదలు, నెమ్మదిగా పెంచాలి, నడుమ ఒకరోజు విశ్రాంతి.

నెల తిరిగింది. బరువు పెరగలేదు, టేపు కదల్లేదు. ఎనిమిది కిలోలకే కళ్లు తిరుగుతున్నాయట. అబద్ధాలాడుతున్నావని కోప్పడ్డాను. “అన్నీ తిన్నాను మేడమ్, సచ్చీ, ఒట్టు,” అంది. ఇళ్లకి వెళ్లడం మా పద్ధతిలో లేదు. నాకు పంతమొచ్చి వెళ్లాను.

మధ్యాహ్నం మూడున్నర. తల్లి పైడమ్మ చార్టులో ఉన్నవన్నీ వండి మూతలు పెట్టి కూర్చుంది. కంచాలు బోర్లించే ఉన్నాయి.

“ఈళ్ల నాన్న డూటీ దిగలేదు మేడమ్. ఆయనొచ్చాక తింటాది,” అంది.

గూడ్సు బండి ఎప్పుడు తిరిగొస్తుందో నడిపేవాడికే తెలియదు. ఆయన వచ్చేదాకా, రాకపోతే చీకటి పడేదాకా, ఆ ఇంట్లో ఎవరూ తినరు. పొద్దున్న గుడ్ల నుంచి సత్తు దాకా ఒక్క పూటలో ముందుకొస్తే పిల్ల అన్నీ కాస్త కాస్త తిని మిగతాది వదిలేస్తోంది. ఇసుక సంచి మాత్రం పొద్దున్నే, ఖాళీ కడుపుతో.

ఇంతలో అప్పలరాజు లైన్ బాక్సుతో వచ్చాడు. డ్యూటీకి తిండీ బట్టలూ సర్దుకుని పట్టుకెళ్లే ఇనప్పెట్టె అది.

“మీరు సిగ్నల్ దగ్గర ఆగితే మీ అమ్మాయి కంచం దగ్గర ఆగుతోందండీ,” అన్నాను.

ఆయన భార్య వైపు తిరిగాడు. “నాను ఆగమన్నానేటి?”

“మీరు ఇంజన్లో ఎండతా ఉంటే మాకు ముద్ద దిగుతాదేటి?” అందామె.

“ఓలమ్మా, నువ్వు సర్దిన రొట్లు నాను దారిలో సుబ్బరంగా తింటన్నానే!”

రమ్య ఫక్కున నవ్వింది. పైడమ్మ నవ్వలేదు. ఇన్నేళ్లూ ఆకలికి ఓర్చింది ఆవిడే మరి.

వేళలు రాసిన చార్టు చింపేశాను. రోజూ పొద్దున్నే, ఆయన లైన్లో ఉన్నా ఇంట్లో ఉన్నా, పిల్లకి వేరే డబ్బా సర్దాలి. దాన్ని నాలుగు సార్లుగా, ఎవరి కోసమూ చూడకుండా, చీకటి పడేలోగా ఖాళీ చేయాలి. “మరి నాకు?” అని పైడమ్మ నిలదీసింది. ఆవిడకీ ఒకటి రాశాను.

రెండో నెలకి రమ్య పన్నెండు కిలోలు మోసింది. నాలుగో నెలకి ఇరవై కిలోలతో కాలనీ రోడ్డు చివరిదాకా నడిచింది. జబ్బ మీద కండ కనిపించింది. పరీక్షనాడు సంచి దింపకుండా గీత దాటింది.

పద్ధతి ప్రకారం నేను అడగాల్సినవన్నీ అడిగాను, అడగాల్సిన ఒక్కటి తప్ప. ఆ తర్వాత ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ, ఏం తిన్నావని అడిగే ముందు, మీ ఇంట్లో ఎవరొచ్చాక తింటారని అడిగేదాన్ని.