భాగీరథి అతుకు

మన తెలుగు నేతపనివాళ్లుండే లింబాయత్ గల్లీల్లో భాగీరథి నోటికి భయపడనివాళ్లు ఎవరైనా ఉంటారేమో కానీ, ఆమె వేళ్లకు దండం పెట్టనివాళ్లు లేరు. మగ్గం మీద పడుగు పోగులు చుట్టిన పాత బీము అయిపోయి కొత్తది ఎక్కించగానే, పాత పోగుల కొసలను కొత్త పోగులతో కలిపి మెలేసి అతికేది ఆమే. పక్క మగ్గం నడిపే నాతో ముచ్చట్లు పెడుతూ, పోగుల వంక చూడకుండానే అతికేది.

క్యాన్సర్‌కు కీమో చేయించుకున్నాక ప్రాణం నిలిచింది, వేళ్లు మొద్దుబారాయి. మందులకు నరాలు దెబ్బతిన్నాయన్నారు. కరోనా తగ్గి కార్ఖానా తెరవగానే మొండికేసి పనికొచ్చింది. అతుకులు వదులుగా పడుతున్నా ఆమెకు తెలిసేది కాదు. ఆమె చాయ్‌కి వెళ్లగానే భర్త సోమలింగం వచ్చి గబగబా మళ్లీ మెలేసేవాడు. ఆయనది ఎడమచేతి వాటం, మెలి ఎదురుదిక్కుకు పడుతుంది. కంటికి కనపడదు కనుక ధైర్యం. మేమందరం చూసీ చూడనట్టే ఉన్నాం.

కూతురు సంధ్య ఆమెను ఫిజియోథెరపీ సెంటర్‌కు తీసుకెళ్లింది. అక్కడ చేతుల మీద ఎర్ర లైటు వేస్తారు. అందరికీ గుణమివ్వదని ముందే చెప్పారు.

"ఏందే ఇది, కోడిపిల్లలకు పెట్టే బల్బు లెక్కున్నది?" అంది భాగీరథి.

"మమ్మీ, చుప్ కూసో! మాస్కు మీదికి గుంజు."

కొన్ని వారాలకు వేళ్లలో చీమలు పాకినట్టుందంది. గల్లీ ఊరుకుంటుందా? "లైటు కింద కూసొని కూసొని గుడ్డు పెడతవ్ భాగక్కా!" అని ఏడిపించాం. తిట్లు మునుపటికన్నా ఘాటుగా వచ్చాయి. మాకదే సంతోషం.

ఒకరోజు పొద్దున నాతో ఎవరినో ఆడిపోసుకుంటూ, ముందురోజు అతికిన పోగుల మీద వేళ్లు పోనిచ్చింది. ఠక్కున ఆగింది. కళ్లు మూసుకుని మళ్లీ తడిమింది.

"ఇది నా అతుకు గాదు."

సోమలింగం మెల్లగా మగ్గం వెనక్కి జరిగాడు.

"గిది ఎడమచేతిది. గిదీ గంతే. ఏమయ్యా! ఎన్నొద్దుల సంది నడుస్తున్నది నీ దొంగతనం?"

"తెలుస్తున్నదా నీకు?" అన్నాడతను. మగ్గం వెనక నుంచి ముందుకొచ్చాడు.

దొంగను ఏ వేళ్లతో పట్టిందో ఆమెకు అప్పుడు తట్టింది. వాటిని ముఖం ముందు పెట్టుకుని చూసుకుంది. పకపకా నవ్వి, వెంటనే ఏడ్చింది. నేనూ ఏడ్చాను, దాచేదేముంది?

తర్వాత సోమలింగాన్ని చాయ్ తాగి రమ్మని పంపి, అతను వేసిన అతుకులన్నీ తెంపి తన చేత్తో మళ్లీ అతికింది.