రాణి గుర్రానికి మేత

ఈ రోజు మా చింతామణి లైబ్రరీలో మైసూరు సర్కారు పంపిన కొత్త కార్డుల మీద పుస్తకాల వివరాలు రాస్తూ, అట్టలూ మొదటి పేజీలూ ఊడిన రెండు పుస్తకాల దగ్గర ఆగిపోయాను. ఒకటి చరిత్ర, ఒకటి నవల అని మాత్రం విరాళాల చిట్టాలో ఉంది. రెంట్లోనూ కోటలే, యుద్ధాలే! ఏది ఏదో తేలక, చివరికి వాటిని ఇచ్చిన నాగమ్మనే పిలిపించాను. ఆమె పట్టుపురుగులు పెంచుతుంది, చదువు రాదు.

"నువ్వు చదువప్పా, నేను వింటా" అంది.

ఒక పుస్తకం తెరిచి నాలుగు వాక్యాలు చదివానో లేదో, ఐదోది ఆమే చెప్పేసింది.

"ఇదే నిజంగా జరిగిండేది. ఆ రెండోది కట్టుకథ. నేను పురుగులకు ఆకేస్తావుంటే, మా ఇంటాయన ఉన్నన్నాళ్లూ దినామూ చదివి చెప్తాండె. కోట పోయిన పొద్దు రాణి తన గుర్రానికి మేతేసి ఏడ్సింది."

పేజీ అంతా వెతికాను. "గుర్రం మాట ఇందులో లేదమ్మా."

"లేకుంటే రాసుకోప్పా. ఆయన అబద్ధం చెప్పే మనిషి కాదు."

కార్డు మీద 'చరిత్ర' అని రాశాను. ఆ తర్వాత, పుస్తకాల్లో గీతలు గీసేవాళ్లను రోజూ కసురుకునే నేనే, పేజీ అంచున పెన్సిల్‌తో రాణి చేత గుర్రానికి మేత వేయించాను. మీరైతే వేయించకుండా ఉండేవారా?