పొయ్యి గట్టు మీదికి ఎక్కిన రోజు

మదనపల్లెలో మేమిద్దరు స్నేహితులం ఒకే ఇంట్లో ఉంటాం. నాకు పుట్టుకతోనే చూపు లేదు. కాలేజీలో చరిత్ర చెబుతాను. ఆయనది కుప్పం వైపు. చిన్నప్పుడే పోలియో వచ్చి రెండు కాళ్ళూ పడిపోయాయి. బస్టాండు దగ్గర సెల్‌ఫోన్లు రిపేరు చేస్తాడు. బయట మూడు చక్రాల స్కూటరు, ఇంట్లో చేతుల మీద పాకడం. విడివిడిగా అడిగితే మాకెవరూ ఇల్లివ్వలేదు, కలిసి అడిగితే ఇచ్చారు. రెండు సున్నాలు కలిపితే ఒకటవుతుందని ఇంటాయన లెక్క కాబోలు. వీధిలో వాళ్ళయితే ఒకరికి కళ్ళు, ఒకరికి కాళ్ళు, దేవుడే జత కలిపాడంటారు. ఆయన చూసిందేదీ నాకు వర్ణించి చెప్పడు. నేను ఆయన్ని ఎక్కడికీ మోసుకుపోను. ఎనభై కిలోల మనిషి.

మా వంటింట్లో నిగనిగలాడే గ్రానైటు గట్టు ఉందట. దాని మీద ఆయన హెల్మెట్టు పెట్టుకుంటాడు. పొయ్యి మాత్రం కింద, చెక్కపీట మీద. డబ్బాలన్నీ గోడ వారగా నేల మీదే: ఉప్పు, చక్కెర, టీపొడి, రాగిపిండి. కింద ఉంటే ఆయనకు అందుతాయి, వరస తప్పకపోతే నాకు దొరుకుతాయి. ఈ ఒక్క ఏర్పాటు కుదరడానికి మొదటి నెలంతా కొట్టుకున్నంత పని చేశాం. ఆయన గరిటె ఎక్కడో పడేసేవాడు, నేను కుర్చీ దారికి అడ్డంగా వదిలేసేవాణ్ణి.

ఒకరోజు, మేం పనులకు బయలుదేరుతుండగా, పుంగనూరు నుంచి మా అమ్మ ఖాళీ సంచితో దిగింది. సంచి నా బట్టల కోసమని అడక్కుండానే అర్థమైంది.

"రెండు దినాలుండి సూస్తా. మీకు జరగతాండాదంటే సరే. లేదంటే నాతో వచ్చేయాల. ఆన్నుంచి రోజూ మీ అన్న బస్సెక్కిస్తాడు" అంది.

మా అన్న నన్ను బస్సెక్కించడమంటే కండక్టరుకు పార్సిలు అప్పజెప్పడమే. ఆ బతుకు నాలుగేళ్ళు బతికాను. మళ్ళీ అందులోకి పోవాలంటే భయమేసింది. ఆ భయంతోనే కాలేజీకి పోయాను.

సాయంత్రం ముందుగా నేనే వచ్చాను. అమ్మకు నా చేత్తో టీ ఇచ్చి నోరు మూయిద్దామని ధీమాగా వంటింట్లోకి నడిచి, వంగి చెయ్యి చాపాను. పొయ్యి లేదు. డబ్బాలు లేవు. కడిగిన నేల తడి మాత్రం తగిలింది. నేనింకా తడుముతుండగానే ఆయనా వచ్చాడు.

"అమ్మా, పొయ్యి యాడికి పోయింది?" అన్నాడు.

"యాడికి పోతాది నాయనా! గట్టు మీద పెట్టినా. డబ్బాలు పై అరలో సర్దినా. నేల మీద వండుకునేదానికి మీరేమన్నా దిక్కులేనోళ్ళా?"

"మా పక్క చేలల్లో ఏనుగులు పడినా ఇంత నాశనం చెయ్యవప్పా" అని ఆయన నాకు మాత్రమే వినబడేలా గొణిగాడు.

పై అర తడిమాను. ఏ డబ్బా ఏదో తెలియలేదు. ఒకదాని మూత తీసి వాసన చూస్తే కారం ముక్కుకెక్కి తుమ్మాను. కింది నుంచి ఆయనకు పై అరలో ఏముందో కనబడదు. దేవుడు కలిపిన జత పావుగంట తంటాలు పడినా టీ కాలేదు.

"సూస్తివా" అంది అమ్మ. "టీ నీళ్ళు కాంచుకోలేరు. ఇట్లుంటే నిన్నెట్ల ఇడిసిపెట్టి పోయేది?" సంచి దులిపిన చప్పుడు వినిపించింది.

నాకు ఒళ్ళు మండింది. "కాళ్ళు ఇరగ్గొట్టి కుంటోడివంటే ఎట్లమ్మా! ఈ రెండేండ్లూ మాకు టీ ఎవరు పెట్టినారనుకుంటివి?" అని అరిచాను.

"నడమ నన్నేల లాగుతావప్పా" అన్నాడాయన. నాలిక్కరుచుకున్నాను.

అమ్మ పొయ్యి కిందికి దించిన చప్పుడైంది.

"ఉప్పు యాడుండె?" అని అడిగింది. పొద్దున తన చేతులతో తీసిన డబ్బాలే, కళ్ళున్న మనిషే, ఏది ఎక్కడుండేదో గుర్తులేదు. నేను చెప్పాను, ఆయన సరిచేశాడు, ఆమె పెట్టింది. అప్పుడు టీ పెట్టాను. తాగి, చక్కెర ఎక్కువైందని వంక పెట్టింది.

గ్లాసు కింద పెడుతూ అడిగింది: "మనింట్లో ఒక్కతూరైనా టీ పెట్టకపోతివే, యాలప్పా?"

పెట్టలేనని అక్కడ అందరూ అనుకున్నారు. నేనూ అనుకున్నాను. ముప్పై ఏళ్ళలో ఆ ఇంట్లో ఉప్పుడబ్బా వరసగా రెండు రోజులు ఒకచోట ఉన్న పాపాన పోలేదని అనబోయి ఆగాను. అనాల్సిన అవసరం లేకపోయింది. అమ్మ ముక్కు చీదుకుంటోంది.

మర్నాడు ఖాళీ సంచితోనే వెళ్ళిపోయింది. వారం తర్వాత ఫోన్ చేసింది. బాగున్నావా అని కూడా అడగలేదు.

"గురుతు పెట్టుకో. పొయ్యికి కుడిపక్క ఉప్పు, ఆమీట చక్కెర, ఆమీట టీపొడి. ఎవరు జరిపినా ఊరుకోనని మీ వదినకు చెప్పినా. ఆదివారం వచ్చి నువ్వే టీ పెట్టాల."

"వస్తానమ్మా" అన్నాను.

"ఆ అప్పను కూడా పిల్చుకోని రా" అంది. "పొయ్యి కిందికే దించినా."