టెక్కలి సీటుకి బేరం

పదో తరగతి పాసయ్యాక నన్ను కాశీబుగ్గలోనే ఒక కాలేజీలో, సీఈసీ గ్రూపులో చేర్చారు. మాది బట్టల కొట్టు. కామర్స్ చదివిన కూతురు గల్లాపెట్టె దగ్గర కూర్చుంటే నాన్న నిశ్చింతగా గుడ్డ కొలుచుకోవచ్చు. నేనూ సరేనన్నాను. మా తరగతి పక్కనే కెమిస్ట్రీ ల్యాబ్ లేకపోతే ఈపాటికి కొట్లోనే ఉండేదాన్ని.

లెక్చరర్ బోర్డు మీద జమాఖర్చులు రాస్తుంటే నా కళ్లు కిటికీ అవతల, రంగు మారే గాజుగొట్టాల మీద ఉండేవి. చిన్నప్పుడు పచ్చి జీడిపిక్క కొరికితే రసం తగిలి పెదవి కాలిపోయింది. ఆ రసంలో ఏముందని ఎవరినడిగినా 'జీడి కదా' అనేవారు. దాని సంగతి తేల్చే చోటు గోడ అవతలే ఉంది, నేనేమో ఇవతల! మా కాలేజీలో బైపీసీ సీట్లు నిండిపోయాయి. టెక్కలిలో సీట్లున్నాయట. మారాలంటే నెలాఖరులోపే మారాలి.

ఆ రాత్రి భోజనాల దగ్గర మొదలుపెట్టాను.

"నాన్నా, బైపీసీకి మారిపోతాను. ఇశాపట్నంలో, హాస్టల్లో ఉండి సదువుతాను."

"మతుండే మాటాడతన్నావేటే?"

"పోనీ శ్రీకాకుళం?"

"అదీ దూరవే."

"మరి టెక్కలి? పొద్దున్న బస్సెక్కితే సాయంత్రానికి కొట్టుకాడుంతాను."

నాన్న కాసేపు నమిలి, "టెక్కలైతే సూద్దాం" అన్నారు. మజ్జిగ పోస్తున్న అమ్మ ఫక్కున నవ్వింది. "దానికి కావల్సింది టెక్కలేనండీ. మీ బేరం మీ కాడే ఆడింది."

మర్నాడు నాన్నతో టెక్కలి బస్సులో, నందిగాం దాటేదాకా నా తెలివికి నేనే మురిసిపోతూ కూర్చున్నాను.

టెక్కలి కాలేజీ ప్రిన్సిపాల్ గారు మా వైపు మనిషి కాదు. "కామర్స్ ఎందుకు వదిలేస్తున్నావమ్మా?" అని నెమ్మదిగా అడిగారు.

కొట్లో పుట్టినవాళ్లకి ఒకటి తెలుసు: చీర నచ్చిందని మొహంలో కనిపించిందా, బేరం పోయినట్టే. అందుకని గోడ మీది క్యాలెండరు చూస్తూ, "ఏదో సార్, సీటుంటే చూద్దామని వచ్చాం. లేకపోయినా ఫర్వాలేదు" అన్నాను.

"అయితే అక్కడే చదువుకో తల్లీ. ఈ సీటు కోసం ఎదురుచూసేవాళ్లున్నారు."

దీనికీ మా దగ్గర మందుంది. లేచి నడవడమే. గడప దాటేలోపు 'అమ్మా, ఇలా రండి' అని పిలుపు రావాలి. నేను లేచాను. నాన్నా లేచారు. వరండాలో నడుస్తున్నాం. వెనక నుంచి ఉలుకూ పలుకూ లేదు. అడుగులు తగ్గించాను. నా పక్కన నాన్న అడుగులు కూడా తగ్గాయి. గేటు దగ్గరకొచ్చేసరికి ఇద్దరం దాదాపు ఆగిపోయాం.

"పిలవలేదేటే?" అన్నారు నాన్న, చెవి ఇంకా వెనక్కే పెట్టి.

ఇక అంతే. తిరిగి కాశీబుగ్గ, అవే జమాఖర్చులు, అదే కిటికీ. నాన్నకి అదే కదా కావాలి! నోరెత్తకుండా బస్సెక్కించేస్తే సరిపోయేది. కానీ ఆయన నా మొహం చూసి విసుక్కున్నారు.

"ఆయనేటి, కొట్టెట్టుకు కూకున్నాడా? ఎనక్కెల్లు. సరుకు నచ్చిందని సెప్పీ."

పరుగెత్తాను. గుమ్మంలోనే మొదలుపెట్టి జీడి రసం, కాలిన పెదవి, కిటికీ, గాజుగొట్టాలు, అన్నీ ఒక్క ఊపిరిలో కక్కేశాను. చివర్లో "ఆ సీటు నాకు కావాలి సార్" అన్నాను. బేరంలో పెరిగిన నోటికి ఎంత సిగ్గుమాలిన మాటో!

ఆయన కళ్లజోడు తీసి నవ్వారు. "ఈ ముక్క ఇందాక చెప్పడానికేం? కాశీబుగ్గ నుంచి టీసీ పట్టుకురా, చేర్చుకుంటాను."

తిరుగు బస్సులో కిటికీ పక్కన కూర్చున్నాను గానీ బయట ఏముందో ఒక్కటీ చూడలేదు. మా ఊరిని ఆనుకున్న పలాస దగ్గరపడుతుండగా, "నాన్నా, ల్యాబుకి తెల్లకోటు కావాల" అన్నాను.

"కొట్లో గుడ్డుంది. పొట్టి సేతులు సాలవా?"

"రసం పడితే కాల్తాది. నిండు సేతులే."

"మోసేతుల దాకా?"

ఈసారి దాచుకోలేదు. పళ్లన్నీ బయటపెట్టి నవ్వుతూ, "నిండు సేతులే నాన్నా" అన్నాను.

"సరేలేవే" అన్నారాయన.