బుర్మకాన్ తవ్విన మడుగు

పందొమ్మిదో ఏట బుర్మకాన్ కోక్-బెల్ ఆరోగ్యశాలలో స్నానాల ఆయాగా చేరింది. సోవియట్ రోజులవి. బొగ్గు గనుల వాళ్ళూ బట్టల మిల్లుల వాళ్ళూ ఇరవై నాలుగు రోజుల సెలవు మీద ఆ కిర్గిజ్ కొండలకు వచ్చి, వేడినీటి ఊట తొట్టిలో నాని, పులిసిన గుర్రప్పాలు తాగి, నిగనిగలాడుతూ ఇళ్ళకు వెళ్ళేవారు. ఎవరు ఎంతసేపు నీళ్ళలో ఉండాలో చెప్పేది బుర్మకానే. ఒకసారి ఫ్యాక్టరీ డైరెక్టరొకాయన బయటికి రానని మొండికేశాడు. "మీ ఫ్యాక్టరీలో మీరు డైరెక్టరు, ఈ తొట్టిలో నేను. లేవండి" అంది. ఆయన లేచాడు.

తర్వాత దేశం ముక్కలైంది. జీతాలు ఆగిపోయాయి. డాక్టర్లు వెళ్ళిపోయారు. కిటికీ అద్దాలు కూడా ఎవరో ఊడబెరుక్కుపోయారు. బుర్మకాన్ మాత్రం పొద్దున్నే చీపురు పట్టుకెళ్ళి తొట్టిలో పాచి గీకుతూనే ఉంది. చెయ్యమని ఎవరూ అడగలేదు, వద్దని ఎవరూ అనలేదు. చుట్టుపక్కల ఊళ్ళలో మోకాళ్ళు పట్టేసిన ఆడవాళ్ళందరికీ ఆ తొట్టే దిక్కు. వాళ్ళు తెచ్చే రొట్టె, ఎండబెట్టిన పెరుగుండలు ఆమెకు చాలు. చిన్నా పెద్దా అందరూ ఆమెను 'అపా' అనేవారు, అంటే అమ్మా అని.

ఆమెకు అరవై మూడేళ్ళు నిండిన వసంతంలో, రాజధాని నుంచి ఎల్దియార్ అనే కుర్ర వ్యాపారి వచ్చి ఆరోగ్యశాలను లీజుకు తీసుకున్నాడు. అప్పటికే ఆ లోయకు సెలవులకు వచ్చేవాళ్ళు ఏటికేడు పెరుగుతున్నారు. అతను చెక్క కుటీరాలు కట్టించాడు, రెండు కొత్త కొలనులు తవ్వించాడు, ఊట చుట్టూ ఇనప కంచె వేయించాడు. గేటు మీద బోర్డు: హోటల్లో దిగినవారికి మాత్రమే.

చీపురుతో వచ్చిన బుర్మకాన్‌ను గేటు దగ్గర అతనే ఆపాడు.

"అపా, మిమ్మల్ని పొమ్మంటానా? మీకు మంచి ఉద్యోగం ఉంది. మన పాత పద్ధతి గౌను, తెల్ల తలపాగా వేసుకుని ద్వారం దగ్గర నిలబడండి. వచ్చినవాళ్ళకి గుర్రప్పాలు అందించండి. ఫొటోలు దిగుతారు."

"మరి కాలిపా మోకాళ్ళు?"

"కాలిపా ఎవరు?"

"నీ గేటు బయట నిలబడిందే, కర్రతో. ఆవిడ."

"అందర్నీ రానిస్తే హోటలెలా నడుస్తుందపా?"

"అయితే నువ్వే వేసుకో గౌను. నీకు బాగుంటుంది" అని బుర్మకాన్ వెనక్కి తిరిగింది.

వారం రోజులు ఆమె ఇంట్లోనే ఉండిపోయింది. చీపురు పట్టని చేతులు ఆమెకే పరాయివిలా తోచాయి. ఎనిమిదో రోజు పార భుజాన వేసుకుని, ఆరోగ్యశాల కింద పారే ఏటి ఒడ్డుకు దిగింది. ఊటకు అక్కడ ఇంకో నోరు ఉండేదనీ, కొండచరియ పడి పూడిపోయిందనీ ఆమెకు పని నేర్పిన ముసలి ఆయా చెప్పేది. ఆ మాట నిజమేనని బుర్మకాన్‌కు తెలుసు. ఎంత చలికాలమైనా అక్కడ చాపంత మేర మంచు నిలవదు.

ఆమె తవ్వడం చూసి కాలిపా కర్ర ఊనుకుంటూ వచ్చింది.

"ఏమే, సమాధి ఇప్పట్నుంచే తవ్వుకుంటున్నావా?"

"నీకే. కొలత సరిపోతుందేమో పడుకుని చూడు."

"నేను లావు. ఇంకా వెడల్పు చెయ్యి" అని కాలిపా కూర్చుని రాళ్ళు ఏరడం మొదలుపెట్టింది.

మూడో రోజుకు ఏడుగురయ్యారు. అందరూ అరవై దాటినవాళ్ళే. గుర్రాల మీద పోయే మగవాళ్ళు ఆగి, "ఏం దొరికిందమ్మా, బంగారమా?" అని నవ్వేవారు. "మొగుళ్ళు. పనికిరానివని మళ్ళీ పూడ్చేస్తున్నాం" అనేది కాలిపా. తొమ్మిదో రోజు పెద్ద బండ అడ్డొచ్చింది. నవ్విన మగవాళ్ళలో ఇద్దరు గుర్రాలు దిగి, గడ్డపారలు తెచ్చారు. పదకొండో రోజు మధ్యాహ్నం బుర్మకాన్ పార కింద మట్టి మెత్తబడింది, పొగలు కక్కింది. ఆమె చెయ్యి పెట్టి చూసి, బూట్లయినా విప్పకుండా అందులోనే చతికిలబడింది.

ఏటి రాళ్ళతో గట్టు కట్టారు. నడుము లోతు మడుగు తయారైంది. అయితే పైన ఎల్దియార్ కొలనుల్లో నీరు జానెడు తగ్గింది.

అతను పంచాయతీ పెద్ద జూమాబెక్‌ను వెంటబెట్టుకు వచ్చాడు. వాళ్ళు బాట దిగుతుండడం చూసి బుర్మకాన్ కేకేసింది.

"అందరూ నీళ్ళలోకి! పై బట్టలు విప్పండి!"

ఏడుగురూ లోపలి బట్టలతో మెడదాకా మునిగి కూర్చున్నారు. జూమాబెక్ యాభై అడుగుల దూరంలోనే ఆగిపోయి మొహం కొండవైపు తిప్పుకున్నాడు.

"అపా, బయటికి రండి, మాట్లాడదాం!"

"చెవులు పైనే ఉన్నాయి, చెప్పు!"

"ఈ తవ్వకానికి అనుమతి లేదు!"

"ఈ కొండ ఎవరి అనుమతితో వేడెక్కిందో కనుక్కుని రా!"

"నీళ్ళు నా లీజులోవి" అన్నాడు ఎల్దియార్.

"నీ కంచె లోపలి నీళ్ళు నీవి. కంచె దాటి వచ్చినవి మావి. నీకు కావాలంటే వచ్చి పట్టుకెళ్ళు నాయనా, బిందె ఇస్తాను."

నీళ్ళలో ఆడవాళ్ళు పకపకా నవ్వారు. జూమాబెక్ భుజాలు కూడా కదిలాయి. పూడ్చడానికి మనుషుల్ని పంపుతానని ఎల్దియార్ బెదిరించి వెళ్ళాడు. దాంతో వాళ్ళు వంతులు వేసుకున్నారు. పొద్దున ముగ్గురు, సాయంత్రం నలుగురు, మడుగు ఒక్క పూట ఖాళీ లేదు. రెండుసార్లు వచ్చిన పనివాళ్ళు, స్నానాలాడే ముసలమ్మల మీద మట్టి పోయలేక పారలు దించకుండానే తిరిగిపోయారు. పదిహేడు రోజుల తర్వాత జిల్లా నుంచి ఇంజనీరు వచ్చి కొలిచాడు. ఏటి ఒడ్డు లీజులో లేదు, కింది మడుగు ఉండవచ్చని రాసిచ్చాడు. నీళ్ళు చాలక ఎల్దియార్ తన రెండో కొలను మూసేసుకున్నాడు.

మరుసటి వేసవికి హోటల్లో దిగినవాళ్ళు కూడా కిందికి రావడం మొదలుపెట్టారు. బుర్మకాన్ వాళ్ళనూ వదల్లేదు. "సబ్బు తియ్యి! గుండె జబ్బుందా? అయితే మోకాళ్ళ వరకే!" ఆ ఏడు ఎల్దియార్ తన హోటల్ కరపత్రంలో మడుగు ఫొటో వేయించాడు. ఆమె ఆ కాగితం పట్టుకుని నేరుగా అతని గాజు భోజనశాలలోకి వెళ్ళింది.

"బొమ్మ బాగుంది. దీని కింద రాయించు, పొద్దున పదింటిదాకా ఆడవాళ్ళకేనని."

"అది హోటల్ కరపత్రం, అపా. మీ ఇష్టం వచ్చింది రాయించడానికి వీల్లేదు."

"అది మా మడుగు."

అతను రాయించలేదు. ఆమె ఒక రేకు ముక్క తెచ్చి, ఎర్ర రంగుతో జానెడు అక్షరాల్లో ఆ మాటే రాసి, హోటల్ మెట్లు దిగే చోటే గుంజ పాతి బిగించింది.